పానీయముల ఆంగ్లనామములు

ఆంగ్లము క్రొత్తగా నేర్చుకొను బాలబాలికలకు మొదట బోధింపదగిన మాటలలో పానీయముల పేళ్లు ముఖ్యమైనవి. ఏలయనగా, ఇవి ప్రతిదినము ప్రతి యింటను అవసరమగునవి. వీనిలో సగము మాటలు పాఠశాలకు రాకమునుపే పిల్లల నోట నున్నవి. కాఫీ, సోడా, జ్యూసు, గ్లాసు, కప్పు అను మాటలు ఎఱుగని బిడ్డ నేడు వరంగల్లులో గాని, హనుమకొండలో గాని, చుట్టుపట్ల పల్లెలలో గాని కానరాడు. అట్లని యీ పాఠము సులభమనుకొనరాదు. తెలిసిన మాటలయందే తప్పులు హెచ్చుగా దొర్లును. తెలుగు నుడికారమును మాటకు మాటగా ఆంగ్లములోనికి దింపుటవలన కొన్ని తప్పులు కలుగుచున్నవి. సీసాలమీదను పొట్లములమీదను ఉన్న మాటల యర్థమును సరిగా గ్రహింపకపోవుటవలన మఱికొన్ని కలుగుచున్నవి. మొదటివి పరీక్షలో మార్కులను పోగొట్టును. రెండవవి ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు తెచ్చును. కావున ఈ రెండింటిని గూర్చి క్రమముగా వివరించెదను.

మొదటిది నీరు. ఆంగ్లమున దీనికి 'వాటర్' అని పేరు. త్రాగు నీటిని మనము 'మంచినీళ్లు' అందుము. 'కొంచెము మంచినీళ్లిండి' అను వాక్యమును ఆంగ్లములో వ్రాయుమనిన, ఆఱవ తరగతి పిల్లలలో పలువురు 'గివ్ మీ గుడ్ వాటర్' అని వ్రాయుదురు. ఈ మాట విన్న ఆంగ్లేయుడు తానంతకుముందు చెడునీరిచ్చినట్లు నిందించుచున్నారని తలచును. 'మే ఐ హావ్ సమ్ వాటర్, ప్లీజ్' అనుటయే చాలును. త్రాగదగిన నీరని ప్రత్యేకముగా చెప్పవలసినచోట 'డ్రింకింగ్ వాటర్' అనవలెను. కాజీపేట వంటి రైలు కూడళ్లలో నల్లాలపై నుండు పలకలమీద ఈ మాటను పిల్లలచేత చదివింపవచ్చును. వేసవిలో మన వీథులలో వెలయు చలివేంద్రములు కూడ ఈ పాఠమునకు మంచి తావులే.

రెండవ పొరపాటు వచనమునకు సంబంధించినది. తెలుగున 'నీళ్లు', 'పాలు' అనునవి బహువచనములు. 'నీళ్లు చల్లగా ఉన్నవి', 'పాలు విరిగినవి' అని మనము క్రియను గూడ బహువచనముననే వాడుదుము. 'నీరు' అను ఏకవచన రూపమైనను కలదు గాని, త్రాగు 'పాలు' అను మాటకు వాడుకలో ఏకవచనమే లేదు. ఇందుచేత మన పిల్లలు 'మిల్క్స్ ఆర్ హాట్' అని వ్రాయుటలో ఆశ్చర్యము లేదు. వారు తమ మాతృభాష వ్యాకరణమును నమ్మకముగా పాటించుచున్నారు. ఆంగ్లములోనో, ద్రవములు లెక్కపెట్టదగిన వస్తువులు కావు గనుక అవి ఏకవచనముననే నిలుచును: 'ది మిల్క్ ఈజ్ హాట్', 'ది వాటర్ ఈజ్ కోల్డ్'. లెక్క చెప్పవలసి వచ్చినప్పుడు పాత్రను లెక్కింతురు: 'టూ గ్లాసెస్ ఆఫ్ మిల్క్', 'త్రీ కప్స్ ఆఫ్ టీ', 'ఎ బాటిల్ ఆఫ్ వాటర్'. ఇచట మాత్రము తెలుగు మనకు తోడ్పడును. మనమును 'రెండు గ్లాసుల పాలు' అనియే కదా చెప్పుదుము.

పాలనుండి పుట్టిన వాని పేళ్లును తెలిసికొనదగినవి. పెరుగును మన దేశమున 'కర్డ్' అందురు. ఇంగ్లండులోను అమెరికాలోను 'యోగర్ట్' అను మాట వాడుక. మజ్జిగకు 'బటర్‌మిల్క్' అని పేరు. ఈ పేరు విని, వెన్నను పాలలో కలిపిన పానీయమని కొందఱు తలతురు. అది సరికాదు, చిలికి వెన్న తీసిన పిమ్మట మిగిలినదే బటర్‌మిల్క్. మన ప్రాంతమున మజ్జిగను 'సల్ల' యందురు. ఇది 'చల్ల' యను ప్రాత మాటయే. 'చల్లని' అను విశేషణముతో దీనిని కలిపి 'కోల్డ్' అని వ్రాయరాదు. అట్లే, కొబ్బరినీళ్లు 'కోకనట్ వాటర్'. కొబ్బరి తురిమి పిండిన పాలు 'కోకనట్ మిల్క్'. ఇందు రెండు భాషలును ఒక్క త్రోవనే నడచినవి.

ఇక టీని గూర్చి. కోస్తా జిల్లాలవారు 'టీ' యనగా, తెలంగాణమువారు 'చాయ్' అందురు. ఏది శుద్ధమైన మాట యని పిల్లలు వాదులాడుట కలదు. నిజమునకు రెండును ఒక్క చీనా మాట యొక్క రెండు రూపములే. చీనాలో పెక్కు ప్రాంతములవారు ఈ ఆకును 'చా' యందురు. ఆ మాట భూమార్గమున పారసీకమునకు పోయి 'చాయ్' అయి, ఉర్దూ ద్వారా మనకు వచ్చినది. 1948 వఱకు వరంగల్లు నిజాము రాజ్యములో నుండుటయు, అచట ఉర్దూ రాజభాషయై యుండుటయు మనము దీనిని నిలుపుకొనుటకు తోడ్పడినవి. చీనా ఆగ్నేయ తీరమునందలి ఫూజియన్ ప్రాంతమువారు అదే ఆకును 'తే' యందురు. వారితో ఓడ వర్తకము చేసిన డచ్చివారి ద్వారా అది ఐరోపాకు చేరి, ఆంగ్లమున 'టీ' అయినది. కావున ఒకటి నేలమీద నడచివచ్చిన మాట, రెండవది నీటిమీద తేలివచ్చిన మాట. గ్రంథములలోని 'తేనీరు' తేనెతో చేసినది కాదనియు, తేయాకు నీరనియు పిల్లలు గుర్తింపవలెను.

కాఫీ చరిత్ర వేఱు. అరబ్బీ 'కహ్వా' తురుష్క భాషలో 'కహ్వే' యై, డచ్చి భాషలో 'కోఫీ' యై, ఆంగ్లమున 'కాఫీ' యైనది. మన తెలుగు నాటనే అరకులోయ గిరిజనులు పండించు కాఫీకి 2019లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది.

ఆంగ్లమునుండి మనము మాటలు తెచ్చుకొనుటయే గాక, మన మాటలను వారును తీసికొని పోయిరి. హెన్రీ యూల్, ఏ.సి. బర్నెల్ అనువారు 1886లో ప్రకటించిన 'హాబ్సన్-జాబ్సన్' అను నిఘంటువునందు ఇట్టివి పెక్కు కలవు. తాటిచెట్టుకు హిందీలో 'తాడ్' అని పేరు. దాని కల్లు 'తాడీ'. ఆంగ్లేయులు దీనిని 'టాడీ' యనిరి. మన 'తాడి' యను మాట దీనికి చుట్టమే. స్కాట్లండులో మాత్రము 'హాట్ టాడీ' యనగా వేడినీళ్లు, చక్కెర కలిపిన విస్కీ. మన గంజి తమిళమున 'కంజి', ఆంగ్లమున 'కంజీ'. చీనావారి బియ్యపు జావను గూడ ఆంగ్లేయులు ఈ పేరుతోనే పిలుతురు. తమిళుల 'మిళగు తణ్ణీర్', అనగా మిరియాల నీళ్లు, మన మిరియాల చారు వంటిది. అది 'మలిగటానీ' యను పేర ఆంగ్లేయుల సూపుగా మాఱినది. షర్బత్తు, శరాబు, ఆంగ్లపు 'సిరప్' అను మూడును త్రాగుట యను అర్థముగల ఒక్క అరబ్బీ ధాతువునుండి పుట్టినవి. ఒకటి చల్లని తీపినీరు, ఒకటి మద్యము, ఒకటి పాకము. ధాతువొక్కటే యైనను అర్థములు మూడు గనుక, మాట పోలికను బట్టి అర్థమును ఊహింపరాదని దీనివలన తెలియుచున్నది.

సోడా కథయు చెప్పదగినదే. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అను శాస్త్రజ్ఞుడు ఇంగ్లండులోని లీడ్స్ నగరమున, సారాబట్టీలో పులియుచున్న తొట్టిమీది వాయువును నీటిలో కలిపి, నీరు బుసబుస పొంగునట్లు చేసెను. ఆ వాయువే బొగ్గుపులుసు గాలి. 1872లో హైరమ్ కాడ్ అనునతడు గోలీగల సీసాకు ఇంగ్లండున పేటెంటు పొందెను. లోని వాయువు గోలీని పైకి నెట్టి, మెడలోని రబ్బరు చుట్టునకు అదిమిపెట్టుటచే సీసా తనంత తానే మూసికొనును. గోలీని లోనికి నొక్కిన తెఱచుకొనును. మన గోలీసోడా అదియే. ఆంగ్లమున గోలీని 'మార్బుల్' అందురు. అమెరికాలో పలుచోట్ల 'సోడా' యనిన తీయని రంగునీళ్లు. మనకు తీపిలేని పొంగునీళ్లు. మనము 'కూల్‌డ్రింక్' అనుదానిని ఇంగ్లండువారు 'సాఫ్ట్ డ్రింక్' అందురు. మద్యము కానిది గనుక అది 'సాఫ్ట్'. మద్యమును 'స్ట్రాంగ్ డ్రింక్' అందురు.

ఇప్పుడు క్రియను గూర్చి రెండు మాటలు. తెలుగున 'త్రాగు' అనునది విశాలమైన మాట. నీళ్లు త్రాగుదుము, మందు త్రాగుదుము, చుట్ట త్రాగువారును కలరు. ఆంగ్లమున ఈ మూడింటికి మూడు క్రియలు: నీళ్లకు 'డ్రింక్', మందునకు 'టేక్', చుట్టకు 'స్మోక్'. 'హి డ్రింక్స్ ఎ సిగరెట్' అని వ్రాసిన నవ్వులపాలగుదురు. అతిథిని 'కాఫీ పుచ్చుకొందురా' యని మనము మర్యాదగా అడుగునట్లే, వారును 'డ్రింక్' అనక 'విల్ యు హావ్ సమ్ కాఫీ' యందురు. కర్మపదము లేక 'హి డ్రింక్స్' అని ఊరకున్నచో, అతడు మద్యపాయి యని అర్థము. ఈ యొక్క విషయమున తెలుగును ఆంగ్లమును ఏకాభిప్రాయము కలవి.

ఇంతవఱకు చెప్పినది భాషాపాఠము. ఇకమీద చెప్పబోవునది తలిదండ్రులును శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాను. అంగడిలో దొరకు పానీయముల మీది వ్రాత చాలవఱకు ఆంగ్లములోనే యుండును. 'జ్యూస్' అనిన పండ్ల రసము. 'ఫ్రూట్ డ్రింక్' అనిన, కొంత రసమును నీళ్లు చక్కెరలతో కలిపినది. బొమ్మ రెండింటిమీదను ఒక్కటే యుండవచ్చును గాని, వస్తువు ఒక్కటి కాదు. 'డైల్యూట్' అని యుండిన నీళ్లు కలిపి త్రాగవలెను. 'ఎక్స్‌పైరీ' యని యుండిన ఆ తేదీ దాటినదానిని పారవేయవలెను. 'పాయిజన్' అనగా విషము. ఖాళీయైన కూల్‌డ్రింక్ సీసాలలో కిరసనాయిలు, ఫినైలు పోసి యుంచు అలవాటు మన యిండ్లలో నేటికిని కలదు; చదువురాని పసిబిడ్డకు సీసా ఆకారమే పేరు. ఈ అలవాటును మానవలెను.

అన్నిటికంటె ముఖ్యమైన మూడక్షరములు ఓ.ఆర్.ఎస్. 'ఓరల్' అనగా నోటిద్వారా. 'రీహైడ్రేషన్' అనగా కోల్పోయిన నీటిని దేహమునకు మరల చేర్చుట. 'సాల్ట్స్' అనగా లవణములు. విరేచనములచే నీరసించిన బిడ్డకు ఇది సంజీవని వంటిది. 1971లో బంగ్లాదేశపు యుద్ధకాలమున, పశ్చిమ బెంగాలులోని బనగాఁవ్ శరణార్థి శిబిరమున కలరా ప్రబలినపుడు, డాక్టరు దిలీప్ మహలనబీస్ గారు ఉప్పు, గ్లూకోసు కలిపిన నీటిని త్రాగించి, నూటికి ముప్పదివఱకు ఉండిన మరణములను నాలుగు లోపునకు దింపిరి. ఇట్టి పొట్లములలో ఒక లీటరు నీటికి సరిపోవునవియు, 200 మిల్లీలీటర్లకు సరిపోవునవియు గలవు. పెద్ద పొట్లమును ఒక్క గ్లాసు నీటిలో కలిపిన ఉప్పు మితిమీఱి బిడ్డకు హాని కలుగును. చిన్న పొట్లమును లీటరులో కలిపిన గుణము తగ్గును. 'డిజాల్వ్ ఇన్ వన్ లీటర్' అను నాలుగు మాటలను చదువగల పిల్లవాడొకడు ఇంట నున్నచో ఈ పొరపాటు జరుగదు.

మఱియొక మోసము కలదు. చక్కెర మిక్కుటముగా గల కొన్ని తీపి పానీయములు ఓ.ఆర్.ఎస్. అను అక్షరములను పేరులో చేర్చుకొని మందుల దుకాణములలో అమ్ముడుపోవుచుండెను. అధిక చక్కెర విరేచనములను మఱింత పెంచును. హైదరాబాదు శిశువైద్యురాలు డాక్టరు శివరంజని సంతోష్ గారు దీనికి వ్యతిరేకముగా పెక్కేండ్లు పోరాడిరి. తుదకు 2025 అక్టోబరులో భారత ఆహార భద్రత, ప్రమాణముల ప్రాధికార సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రమును పాటింపని పానీయముల పేళ్లలో ఆ మాటను వాడరాదని ఆజ్ఞాపించినది. 2002 నాటి ఆ సూత్రము ప్రకారము లీటరు నీటికి మొత్తము 20.5 గ్రాముల పొడి చాలును. అందు గ్లూకోసు 13.5 గ్రాములు మాత్రమే. మూడక్షరముల యర్థము తెలియుట యెంత విలువైనదో దీనివలన తేటపడుచున్నది.

ఇంత విని, మాటలు మిక్కిలి యెక్కువయని పిల్లలు జంకనక్కఱలేదు. సి.కె. ఆగ్డెన్ అను పండితుడు 1930లో 850 మాటలతోనే వ్యవహారము నడపవచ్చునని 'బేసిక్ ఇంగ్లీషు' పట్టికను ప్రకటించెను. మనకీ పాఠమునకు ఇరువది మాటలు చాలును: వాటర్, మిల్క్, కర్డ్, బటర్‌మిల్క్, టీ, కాఫీ, జ్యూస్, సోడా, సిరప్, సూప్, కప్, గ్లాస్, బాటిల్, స్పూన్, లీటర్, హాట్, కోల్డ్, డ్రింక్, టేక్, బాయిల్. దినమునకు రెండేసి మాటలు నేర్చి, ఒక్కొక్క మాటతో ఒక్కొక్క పూర్తి వాక్యమును వ్రాసిన పదిదినములలో ముగియును. తలిదండ్రులు చదువుకొనని వారైనను సాయము చేయవచ్చును. ఇంటికి తెచ్చిన ప్రతి సీసాను, ప్రతి పొట్లమును మూత తెఱవకముందు పిల్లలచేత చదివించి, అందలి సంగతిని తెలుగున చెప్పించుకొనవలెను. చెప్పలేకపోయినచో ఆ మాటను కాగితముపై వ్రాయించి మఱునాడు బడికి పంపుడు. ఉపాధ్యాయులు వివరించి పంపుదురు.