ఇంజనుకు పలుచని నూనె యేల?



బండి ఇరుసుకు కందెన పెట్టుట ఎరిగినవారము మనము. ఆముదములో గడ్డిమసి రంగరించి, అది వ్రేలికి జిగటగా నంటినగాని కందెన కుదిరినదని మన పెద్దలు ఒప్పుకొనెడివారు కారు. అట్టి మనకు, మోటారు కారులో పోయు నూనె నీళ్ళవలె జారుట చూచినచో, ఇది ఇంజను నెట్లు కాపాడునను శంక కలుగుట సహజము. నేనును ఆ శంకకు లోబడి పొరపాటు చేసినవాడనే.

హైదరాబాదున ఎర్రమంజిల్‌లో నా నివాసము. ఇది ఖైరతాబాదుకును పంజగుట్టకును నడుమ నున్నది. నవాబు ఫక్రుల్ముల్కు కట్టించిన మేడ పేరే ఈ పేటకు వచ్చినది. ఇప్పుడు పైన మెట్రో రైలు పరుగిడుచుండ, క్రింద కార్లు అడుగడుగున నాగుచు సాగుచుండును. నా కారు దినమునకు రెండుమారులు కొద్ది దూరము పోయి వచ్చును. ఇంజను బాగుగా వేడెక్కులోపలనే ఇల్లు చేరును.

ఒక వేసవిలో మా మేనమామగారు ఊరినుండి వచ్చి, నూనె కొలత పుల్లను తీసి చూచిరి. "ఏమిరా అబ్బాయీ! ఈ ఎండలకు ఈ నీళ్ళనూనె ఏమాగుతుందిరా? చిక్కనిది పోయించు" అనిరి. కారుతో వచ్చిన పుస్తకములో 5డబ్ల్యు-30 అని యున్నను, నేను 20డబ్ల్యు-50 పోయించితిని. అది మొదలు ప్రతి ఉదయమును ఇంజను కదలించగానే పైభాగమున కొంతసేపు టకటక శబ్దము వినవచ్చెడిది. చలికాలమున అది మరింత హెచ్చెను. కొన్ని నెలలకు పుస్తకము చదివి, అందు చెప్పిన నూనెనే మరల పోయించగా శబ్దము మానెను. ఆ నెలలలో లోపల నెంత అరిగినదో నే నెరుగను; అరిగిన లోహము మాత్రము తిరిగి రాదు.

ఇందలి మర్మమేమి? 1883లో ఇంగ్లండున బీచమ్ టవర్ అను ఇంజనీరు రైలుబండ్ల ఇరుసులకు నూనె పెట్టు పద్ధతులను పరీక్షించుచు, ఇరుసును పట్టియుండు బేరింగు పైభాగమున నొక బెజ్జము వేసెను. ఇరుసు తిరుగగా నూనె ఆ బెజ్జమునుండి పైకి పొంగెను. కొయ్యబిరడా బిగింపగా దానిని సైతము వెలికి నెట్టివేసెను. తిరుగు ఇరుసు తనతో నూనెను లాగికొని పోయి, ఆ నూనె ఒత్తిడిమీదనే తాను తేలుచున్నదని దీనివలన తేలినది. 1886లో ఆస్బరన్ రెనాల్డ్సు ఈ విషయమును గణితముతో నిరూపించెను.

కావున లోహము లోహమును తాకకుండ కాపాడునది నడుమనుండు నూనెపొర. ఆ పొర నిలుచుటకు నూనె చిక్కదనమును తిరుగు వేగమును రెండును తోడ్పడును. ఎడ్లబండి చక్రము మెల్లగా తిరుగును గనుక దానికి చిక్కని కందెన కావలెను. ఇంజను నిమిషమునకు వేలసారులు తిరుగును. దానికి పలుచని నూనెయే చాలును. పైగా క్రొత్త ఇంజనులలో భాగముల నడుమ సందు వెండ్రుక మందమునకు మించదు. ఆ సందులలోనికి నూనె వేగముగా చొరవలెను, అచ్చటి వేడిని మోసికొని పోవలెను.

రాత్రియంతయు నిలిచియున్న ఇంజనులో నూనె అడుగు తొట్టికి దిగియుండును. ఉదయము కదలించిన తొలిక్షణములలో పంపు దానిని మీదికెక్కించువరకును పైభాగములకు మిగిలియున్న తడియే దిక్కు. అరుగుదలకు ఇది ముఖ్యసమయములలో నొకటి. నూనె మిక్కిలి చిక్కనిదైన, పంపుదగ్గర ఒత్తిడి హెచ్చి, ఒక తలుపు తెరచుకొని, కొంత నూనె పైకెక్కక వెనుకకే మరలును. ఒత్తిడి హెచ్చినంతమాత్రమున నూనె అంతట చేరినట్లు కాదు.

నూనెలకు అంకెలు పెట్టు పద్ధతిని అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘము మొదలిడెను. తరువాత చేరిన డబ్ల్యు అను అక్షరము చలికాలమునకు గుర్తు. దానికి ముందున్న అంకె ఎంత తక్కువైన, నూనె చలిలో అంత సులభముగా పారును. వెనుకనున్న అంకె 100 డిగ్రీల వేడిలో దాని చిక్కదనమును తెలుపును. 5డబ్ల్యు-30 నూనె 100 డిగ్రీలలో పదిపాళ్ళు చిక్కగానున్నచో, 40 డిగ్రీలలో సుమారు అరువదిపాళ్ళు చిక్కగానుండును. అనగా మన వేసవి ఎండలో సైతము, చల్లని ఇంజనులో "పలుచని" నూనె కావలసినదానికంటె చిక్కగానే యున్నది! 20డబ్ల్యు-50 సంగతి ఇక చెప్పనేల?

అయితే పలుచదనమునకును హద్దు కలదు. మిక్కిలి పలుచనైన నూనెపొర వేడికిని భారమునకును తెగిపోవును. ఏ ఇంజను సందులు ఏ నూనెకు తగియున్నవో దానిని చేసినవారే ఎరుగుదురు. కావున వారి పుస్తకములో చెప్పిన అంకెలలోనే, మన శీతోష్ణములకు తగినదానిని ఎన్నుకొనవలెను. నూనె మట్టమును తరచు చూడవలెను, గడువునకు మార్పింపవలెను. వ్రేళ్ళ నడుమ రుద్ది నూనె గుణమును నిర్ణయింపరాదు. చల్లని వ్రేలికి వేడి ఇంజను సంగతి తెలియదు.

ఈ మాటలన్నియు విని మా మేనమామగారు, "అయితే మన పాత ట్రాక్టరుకు కూడ పలుచనిదే పోయిస్తానురా" అనిరి. వలదంటిని. దాని పుస్తకము తీయించి చూడగా, దానికి 20డబ్ల్యు-40 అని యున్నది. ఆ ఇంజనుకు అదియే తగినది. ఎవరి కొలత వారిది. కొలత చెప్పు పుస్తకము మన పెట్టెలోనే యుండును.