కారు కిందికి దిగింది... టైరు తీగ తేలింది!
స్ప్రింగులు మార్పించి అలైన్‌మెంటు మరుస్తున్న కుర్రకారు

గుడివాడ, (మన విలేఖరి): పెళ్ళి ఊరేగింపుల్లో వచ్చే కార్లను గమనించే ఉంటారు. కొన్ని నేలకు బెత్తెడు ఎత్తులో పాకుతున్నట్లు పోతుంటాయి. స్ప్రింగులు మార్పించి కారును కిందికి దించుకోవడం కుర్రకారుకు ఇప్పుడో సరదా. ఈ సరదా వెనుక టైర్లు ఎలా అరిగిపోతున్నాయో చాలామందికి తెలియడం లేదు.

గుడివాడ సమీప గ్రామానికి చెందిన ఒక యువకుడు పాత కారు కొని, అంగుళంన్నర కిందికి దింపించాడు. స్ప్రింగులు బిగించిన మేస్త్రి అలైన్‌మెంటు చేయించమని చెప్పనే చెప్పాడు. "బండి తిన్నగానే పోతోందిగా" అని ఇతను ఊరుకున్నాడు. రెండు నెలలు గడిచాయి. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలాగే ఉంది. పంక్చరు వేయించడానికి చక్రం విప్పినప్పుడు లోపలి అంచు తడిమితే చేతికి తీగ గుచ్చుకుంది. అంతకు ముందు రోజే తల్లిదండ్రులను ఎక్కించుకుని విజయవాడ వెళ్ళి వచ్చాడట! తీగ తేలిన టైరు హైవే మీద ఎండ వేళ పేలితే ఏమయ్యేదో చెప్పనక్కర లేదు.

ఇలా ఎందుకు జరుగుతుంది? కారు కిందికి దిగగానే చక్రాన్ని పట్టుకుని ఉండే చేతుల కోణం మారుతుంది. చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. దీన్ని కాంబర్ అంటారు. స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే టై రాడ్డు కోణం కూడా మారి, చక్రాల ముందుభాగాలు లోపలికో బయటికో తిరుగుతాయి. ఇది టో. టైరును ఎక్కువగా తినేది ఈ టో తేడాయే. రెండు ముందు చక్రాల మధ్య 3 మిల్లీమీటర్ల తేడా ఉందనుకుందాం. ఒక్కో టైరు కిలోమీటరుకు సుమారు రెండున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్లు లెక్క. గుడివాడ నుంచి విజయవాడ వెళ్ళేసరికి వంద మీటర్లు! బండి తిన్నగా పోవడానికీ దీనికీ సంబంధం లేదు. రెండు వైపులా తేడా సమానంగా ఉంటే స్టీరింగు ఏ పక్కకూ లాగదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక పాత మేస్త్రిని కదిలిస్తే మరో సంగతి చెప్పారు. "జాకీ మీద ఉండగానే నట్లన్నీ బిగించేస్తే లోపలి రబ్బరు బుష్షులు మెలి తిరిగి తొందరగా చిరుగుతాయి బాబూ. నాలుగు చక్రాలూ నేల మీద ఆనాకే ఆఖరు బిగింపు" అన్నారు. కొత్త స్ప్రింగులు కొంత దూరం తిరిగాక ఇంకాస్త కుదురుకుంటాయి. అందుకే బిగించిన రోజే ఒకసారి టో సరిచేయించి, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత పూర్తి అలైన్‌మెంటు చేయించాలంటారాయన. దారం కట్టి టో చూసే పాత పద్ధతి ఆయనకు ఇప్పటికీ వచ్చు. కాంబర్‌కు మాత్రం యంత్రమే నయమని ఒప్పుకున్నారు.

అయితే మన చిన్న కార్లలో చాలావాటికి ముందు చక్రాల టో తప్ప మరేదీ తిప్పడానికి ఏర్పాటు ఉండదు. కాంబర్ హద్దు మీరితే వేరే బోల్టులు వేయించాలి, లేదా కారును కాస్త పైకి లేపుకోవాలి. షాపులో ముందు, తర్వాత కొలతలున్న కాగితం అడిగి తీసుకోవడం మంచిది. స్ప్రింగు చుట్టును కోయించే వారూ లేకపోలేదు. ఆ పని మాత్రం చేయవద్దు. గుంతలో చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు తన స్థానం నుంచి తప్పుకునే ప్రమాదం ఉంది.

రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు కంపెనీ మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. 2019లో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. కనుక స్ప్రింగులు కొనక ముందే రవాణా శాఖ కార్యాలయంలో అడగడం మేలు.

ఆ యువకుడు రెండు కొత్త టైర్లు వేయించి, అలైన్‌మెంటు కూడా చేయించాడు. కొన్ని వందలతో పోయేది వేలకు వచ్చిందని వాపోతున్నాడు. ఇప్పుడు టైర్లు సమంగానే అరుగుతున్నాయి. ఊరి బడి ముందున్న స్పీడ్ బ్రేకరు దగ్గర మాత్రం వెనుక కూర్చున్న వారిని దించి నడిపించాల్సి వస్తోంది.