సీరియల్ లైట్లు వెలిగితే 8వ ఛానల్ ఎందుకు పోతుంది?

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ఊళ్లలో మనవాళ్ల ఇళ్లకు దీపావళికి ఎక్కిన సీరియల్ లైట్లు చాలాచోట్ల క్రిస్మస్ దాటి, సంక్రాంతి వెళ్లేదాకా దిగవు. నిచ్చెన ఏడాదికి ఒక్కసారే ఎక్కాలన్నది మతాలకు అతీతమైన సిద్ధాంతం. సరిగ్గా ఆ రోజుల్లోనే, యాంటెన్నా మీద టీవీ చూసే కొన్ని ఇళ్లలో ఒక ఫిర్యాదు మొదలవుతుంది. చీకటి పడితే 8వ ఛానల్ రాదు. బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి, మాట తెగి, చివరికి 'సిగ్నల్ లేదు' అని తెర నల్లబడుతుంది. 4, 5, 11 మాత్రం నిక్షేపంగా వస్తుంటాయి. తెల్లారితే 8 కూడా వచ్చేస్తుంది.

కేబుల్ బిల్లు మానేసి యాంటెన్నా పెట్టుకున్నవాళ్లకు ఇది చిన్న కష్టమేమీ కాదు. డాలస్‌లో 8 అంటే డబ్ల్యూఎఫ్ఏఏ, ఏబీసీ కార్యక్రమాలు వచ్చే స్టేషన్. క్రిస్మస్ రోజు ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ ఏబీసీలో వస్తుంది. లైట్లు తప్పక వెలగాల్సిన రోజు, ఆట తప్పక చూడాల్సిన రోజు ఒకటే అయ్యాయన్నమాట.

ముందు ఆ నంబర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే చిక్కుముడి సగం అక్కడే ఉంది. అమెరికాలో పెద్ద స్టేషన్లన్నీ 2009 జూన్ 12 నాటికి అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారాయి. ఆ తర్వాత 600 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని ఫోన్ కంపెనీలకు వేలం వేసి, 2020 కల్లా టీవీ స్టేషన్లన్నిటినీ 36వ ఛానల్ లోపలికి సర్దారు. ఈ మార్పుల్లో చాలా స్టేషన్లు అసలు ఛానల్ మార్చుకున్నాయి, తెర మీద పాత నంబరు మాత్రం వదల్లేదు. డాలస్‌లో 4, 5, 11 అని కనిపించేవి మూడూ నిజానికి యూహెచ్‌ఎఫ్‌లో, అంటే 470 మెగాహెర్ట్జ్‌కు పైన ప్రసారమవుతున్నాయి. ఈ నాలుగింటిలో చెప్పిన నంబరులోనే నిజంగా ఉన్నది 8 ఒక్కటే: 180 నుంచి 186 మెగాహెర్ట్జ్ మధ్య, వీహెచ్‌ఎఫ్‌లో. న్యూయార్క్ వైపు ఉన్నవాళ్లకు ఏబీసీ ఇలాగే అసలు 7లో ఉంది. ఫిలడెల్ఫియా వాళ్లది మరీ కష్టం. అక్కడ ఏబీసీ అసలైన 6లో, 82–88 మెగాహెర్ట్జ్‌లో ఉంది. కింది ఛానల్‌కు వెళ్లేకొద్దీ ఇంట్లో పుట్టే విద్యుత్ గోల ఎక్కువ.

ఆ గోల ఎక్కడిది? పాతకాలపు మినీ బల్బుల దండకు అంత తెలివి లేదు. రెండున్నర వోల్టుల బల్బులు 50 వరసగా కలిపితే అక్కడి 120 వోల్టుల ప్లగ్గుకు దాదాపు సరిపోతాయి. ఫిలమెంటులో కరెంటు ఎటు పారినా వేడెక్కుతుంది, వెలుగుతుంది, అంతే. హోల్డర్‌లో బల్బు వదులై చిటపటలాడితే తప్ప టీవీ జోలికి రాదు. ఎల్ఈడీ అలా కాదు, కరెంటు ఒకవైపే పారాలంటుంది. ఎల్ఈడీలనే డయోడ్లుగా వాడుకుని నేరుగా ప్లగ్గుకు తగిలించే చవక దండలతో గొడవ తక్కువే. తంటా అంతా అడాప్టర్ ఉన్నవాటితోనూ, మెరుపు, పరుగు, మినుకు అంటూ ఎనిమిది రకాల ఆటలాడించే కంట్రోలర్ డబ్బా ఉన్నవాటితోనూ.

అడాప్టర్ లోపల ఒక ట్రాన్సిస్టర్ స్విచ్‌లా పనిచేస్తూ సెకనుకు పదుల వేల సార్లు, ఒక్కోదాంట్లో లక్షకు పైగా, కరెంటును తెంపి కలుపుతుంటుంది. అడాప్టర్ అరచేతిలో ఇమిడేంత చిన్నగా ఉండటానికి కారణం అదే. ఎంత తటాలున తెంపితే అంత దూరం దాని రెట్టింపు, మూడింతల, వందింతల పౌనఃపున్యాలు పుట్టుకొస్తాయి. 100 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలైన చప్పుడు బలం తగ్గుతూనే అయినా 100 మెగాహెర్ట్జ్ దాటి వెళ్లగలదు. 500 చేరేసరికి మాత్రం చాలావరకు నీరసపడుతుంది. యూహెచ్‌ఎఫ్ ఛానళ్లు బతికిపోయేది అందుకే. ఈ చప్పుడు బయటికి రాకుండా ఆపడానికి ఒక చిన్న కాయిల్, ఒకటి రెండు కెపాసిటర్లు చాలు. అవి లేకపోయినా లైట్లు వెలుగుతాయి కాబట్టి, పైసలు మిగుల్చుకోవాలనుకునే తయారీదారు మొదట పీకేసేవి అవే.

ఇక చూరు పొడుగునా పాకే ఆ తీగ. 8వ ఛానల్ తరంగం పొడవు దాదాపు 1.6 మీటర్లు. పది పదిహేను మీటర్ల దండ దాని ముందు మహా దర్జా అయిన ప్రసార యాంటెన్నా. మనం దాన్ని చూరుకు కట్టి, దగ్గర్లోనే అటకలోనో కిటికీ పక్కనో టీవీ యాంటెన్నా పెడతాం. స్టేషన్ టవర్లేమో సీడర్ హిల్‌లో, ఫ్రిస్కోకు 60 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్నాయి. రెండు గజాల అవతలి గోల, అంత దూరం నుంచి వచ్చే మాట. చెవికి ఏది వినబడుతుందో వేరే చెప్పక్కర్లేదు.

లైట్ల మీదే నేరమంతా నెట్టడం మాత్రం న్యాయం కాదు. 8వ ఛానల్‌ను సరిగా పట్టాలంటే యాంటెన్నా కడ్డీ చివరనుంచి చివరకు 80 సెంటీమీటర్ల చిల్లర ఉండాలి. గోడకు అతికించే పల్చటి యాంటెన్నాలు చాలావరకు దాంట్లో సగం కూడా ఉండవు. అవి యూహెచ్‌ఎఫ్ కోసం పుట్టినవి, పెట్టె మీద ఏం రాసినా సరే. అంటే లైట్లు లేని వేసవిలోనే ఆ ఇంట్లో 8వ ఛానల్ అంచున వేలాడుతోంది. అది మనకు తెలియలేదు, అంతే.

తెలియకపోవడం డిజిటల్ మహిమ. దూరదర్శన్ రోజుల్లో వంటింట్లో మిక్సీ తిరిగితే తెర మీద గీతలు వచ్చేవి, సిగ్నల్ తగ్గితే చీమలు పరిగెత్తేవి. ఆ చీమల మధ్యే వార్తలు చూశాం. యాంటెన్నా ఎటు తిప్పాలో ఆ చీమలే చెప్పేవి. అమెరికా డిజిటల్ ప్రసారానికి సిగ్నల్ శక్తి చప్పుడు కంటే సుమారు 15 డెసిబెల్స్, అంటే ముప్పై రెట్ల పైన ఉంటే చాలు, బొమ్మ అద్దంలా వస్తుంది. అంతకు కొంచెం తగ్గిందా, ఏమీ రాదు. మధ్యలో హెచ్చరిక ఉండదు.

ఈ స్థితిలో చాలామంది వెంటనే చేసే పని బూస్టర్ కొనడం. బూస్టర్‌కు మంచీ చెడూ తెలియవు. స్టేషన్‌ను ఎంత పెంచుతుందో అడాప్టర్ గోలనూ అంతే పెంచుతుంది, పైగా తన సొంత చప్పుడు కొంత కలుపుతుంది. టీవీ మెనూలో సిగ్నల్ బలం గీత నిండుగా కనిపించి బొమ్మ మాత్రం రాకపోవడానికి ఒక కారణం ఇదే. చూడాల్సింది బలం కాదు, దాని పక్కనే ఉండే నాణ్యత గీత.

అసలు దోషి లైట్లేనా అన్నది తేల్చడానికి కొనాల్సిందేమీ లేదు. ఆ నాణ్యత గీతను తెర మీద ఉంచి, ఒకరు టీవీ ముందు కూర్చుని, ఇంకొకరు దండలు ఒక్కొక్కటే పీకాలి. రిమోట్‌తో ఆర్పితే చాలదు. దండ ఆరినా అడాప్టర్ లోపలి స్విచ్ పని మానకపోవచ్చు, ప్లగ్గు లోంచే తియ్యాలి. ఏ దండ తీసినప్పుడు గీత లేచిందో అదే దొంగ. అన్నీ పీకినా గీత కదలకపోతే లైట్లకు క్షమాపణ చెప్పి, ఫోన్ చార్జర్లు, గ్యారేజీలో మార్చిన ఎల్ఈడీ బల్బుల వైపు వెళ్లాలి. గ్యారేజీ బల్బులకు ఇంకో చరిత్ర కూడా ఉంది. కొన్ని రకాలు బిగిస్తే తలుపు తెరిచే రిమోట్ దగ్గరికొస్తే గానీ పనిచేయదు.

దొంగ దొరికాక మొదటి మందు దూరం. యాంటెన్నాను దండకు రెట్టింపు దూరం జరిపితే గోల సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. స్టేషన్ సిగ్నల్‌కు ఆ రెండు గజాల తేడా లెక్కలోకి రాదు. ఇంటి వెనక గోడ మీదకో, కప్పు పైకో మార్చగలిగితే సమస్య చాలావరకు అక్కడే తీరిపోతుంది. పాత చదును రిబ్బన్ తీగ వాడుతుంటే తీసేసి, తొడుగున్న ఆర్‌జీ-6 కోయాక్సియల్ కేబుల్ వేసి, కనెక్టర్లు చేత్తో కాకుండా పానాతో బిగించాలి. వదులు కనెక్టర్ ఉన్న కేబుల్ గోలను దారిలోనే ఎక్కించుకుంటుంది.

రెండో మందు ఫెరైట్ ముక్క. ల్యాప్‌టాప్ చార్జర్ తీగ మీద గుండులా ఉబ్బి కనిపించేది అదే. తెరిచి మూసే క్లిప్ రకం విడిగా దొరుకుతుంది. 31 నంబరు రకం అడిగితే వీహెచ్‌ఎఫ్‌కు బాగా పనికొస్తుంది. అడాప్టర్ నుంచి దండకు వెళ్లే తీగను, అడాప్టర్‌కు వీలైనంత దగ్గరగా, దాని గుండా రెండు మూడు చుట్లు తిప్పి క్లిప్ మూసేయాలి. ఎక్కువ చుడితే ఎక్కువ లాభమని పది చుట్లు చుట్టొద్దు, ఈ పౌనఃపున్యాల దగ్గర చప్పుడు ఒక చుట్టు మీంచి ఇంకో చుట్టుకు దూకేస్తుంది. టీవీ వైపు కోయాక్సియల్ కేబుల్‌కు కూడా ఒకటి తగిలిస్తే మంచిది.

విజయవాడలోనో వరంగల్‌లోనో చదువుతున్నవారికి వినాయక చవితి పందిరి దీపాలతో ఈ బాధ ఎందుకు లేదో ఈపాటికి అర్థమై ఉండాలి. డీటీహెచ్ సిగ్నల్ వచ్చేది 10 గిగాహెర్ట్జ్‌కు పైన, ఆకాశం వైపు చూసే డిష్‌లోకి. అడాప్టర్ చప్పుడు అంత ఎత్తుకు చేరదు. కింద మీడియం వేవ్ రేడియోకు మాత్రం ఆ అదృష్టం లేదు. 837 కిలోహెర్ట్జ్ మీద విజయవాడ కేంద్రం పెట్టుకుని, చవక ఎల్ఈడీ బల్బు కింద కూర్చుంటే ఆ జుంయ్‌మనే మోత మీరే వింటారు.

ఇక గోల పక్కింటి లైట్లదైతే? అమెరికా కేంద్ర సమాచార సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనల్లో 15వ భాగం ప్రకారం, ఇలాంటి పరికరం ప్రసారాలకు హాని చేస్తోందని సంస్థ చెబితే, దాన్ని వాడేవాళ్లు ఆపేయాల్సిందే. చట్టం మన పక్షానే ఉంది. ఫిర్యాదు రాసి, అది ఎవరి బల్ల మీదకో చేరి, జవాబు వచ్చేలోపు లైట్లు దిగి అట్టపెట్టెల్లోకి వెళ్లిపోతాయి. అంతకంటే మన దగ్గర మిగిలిన ఫెరైట్ ముక్క పట్టుకెళ్లి, మీ అడాప్టర్‌కు ఇది తగిలించి చూస్తారా అని అడగడం తేలిక. వాళ్లింట్లోనూ 8వ ఛానల్ రావడం లేదేమో అదీ వాకబు చేసి రావచ్చు.