కాన్‌స్టన్స్: ఒక గిడ్డంగి, ఒక రాయి

జర్మనీ దేశపు దక్షిణపుటంచున, ఆల్ప్స్ మంచునీటితో నిండిన బోడెన్‌జే సరస్సు సన్నగిల్లి, అందు ప్రవేశించిన రైన్ నది మరల నదీరూపము దాల్చి వెలువడు చోటనే కాన్‌స్టన్స్ పట్టణము వెలసినది. 536 చదరపు కిలోమీటర్ల ఈ జలరాశి యొడ్డున జర్మనీ, స్విట్జర్లండు, ఆస్ట్రియా మూడు దేశములును కలవు. ఈ ఊరి వీధి వెంట నడచుచునే స్విట్జర్లండులోని క్రోయిట్స్‌లింగెన్‌లో అడుగు పెట్టవచ్చును. ఆ సామీప్యమే రెండవ ప్రపంచయుద్ధమున దీనిని కాపాడినదందురు. రాత్రులందు దీపము లార్పకుండుటచే, ఏది శత్రునగరమో ఏది తటస్థనగరమో విమానములవారికి తెలియరాలేదట. కారణ మేదైనను బాంబులు పడలేదు. మధ్యయుగపు టిండ్లు నేటికిని నిలిచియున్నవి.

రైలు దిగిన చెంతనే రేవు, రేవు నంటి ఏటవాలు పెనుకప్పుతో ఒక కట్టడము. 1388లో వర్తకుల సరకులకై కట్టిన గిడ్డంగి యిది. మువ్వురు పోపులు ఏకకాలమున గురుపీఠము తమదే యని వాదించుచుండ, ఆ కలహమును తీర్చుటకై 1414 నుండి 1418 వరకు క్రైస్తవ మహాసభ ఈ పట్టణమున జరిగినది. సభ కొలువుదీరినది ప్రధాన దేవాలయముననే గాని, 1417 నవంబరులో అయిదవ మార్టిన్ పోపుగా ఎన్నికయైనది మాత్రము ఈ గిడ్డంగిలోనే. సరకుల మూటలు దొర్లిన నేలపై జగద్గురువు నెన్నుకొనిరన్నమాట!

రేవు ముఖద్వారమున, తొమ్మిది మీటర్ల ఎత్తున, ఇంపీరియా యను వేశ్య విగ్రహము ఒక చేత చక్రవర్తిని, వేరొక చేత పోపును బొమ్మలవలె పట్టుకొని, నాలుగు నిమిషముల కొకమారు తన చుట్టు తాను తిరుగుచుండును. పేటర్ లెంక్ అను శిల్పి దీనిని 1993లో నిలిపెను. ఈ విగ్రహము వెక్కిరించునది ఆ మహాసభనే; కాని నిజమునకు ఆమె పుట్టినది సభ ముగిసిన దశాబ్దములకు. అయినను ఆ పరిహాసము నాకు నచ్చినది.

యాత్రికు లందరును ఆమె ఫొటో తీసికొని వెనుదిరుగుదురు. వారు చూడనిది పాత ఊరికి పడమట నున్నది. బొహీమియా దేశపు మతసంస్కర్త యాన్ హుస్, సిగిస్మండు ప్రభువు ఇచ్చిన అభయపత్రమును నమ్మి ఆ మహాసభకు వచ్చి, చెరపడి, సరస్సులోని ద్వీపమున డొమినికన్ సన్న్యాసుల మఠమున కొంతకాలము బంధితుడై, 1415 జూలై 6న సజీవదహనము చేయబడెను. ఆ మఠము నేడు హోటలు. పాత ఊరి వెలుపల 1862లో నిలిపిన పెద్ద బండరాతిపై హుస్ పేరును, ఆతని మరణమునకు మరుసటి యేట అట్లే దగ్ధుడైన ప్రాగ్ జెరోము పేరును చెక్కబడియున్నవి. హుస్ బూడిదను రైన్ నదిలో కలిపివేసిరి గనుక ఆతనికి సమాధి లేదు. ఉన్నది ఈ రాయియే.