నడుం పెరిగితే... పొట్టకు ముప్పే!

ఒళ్లు చేసిందనగానే మనకు గుర్తొచ్చేవి నాలుగే. షుగరు, బీపీ, గుండెజబ్బు, మోకాళ్ల నొప్పులు. జాకెట్లు బిగుతైపోతున్నాయన్న బెంగ ఎలాగూ ఉంటుంది. క్యాన్సర్ మాట మాత్రం ఎవరికీ తట్టదు. తట్టినా, అది సిగరెట్లు కాల్చేవాళ్లకో గుట్కా నమిలేవాళ్లకో వచ్చేదని సరిపెట్టుకుంటాం. జీర్ణాశయ క్యాన్సర్‌కీ లావుకీ లంకె ఉందంటే ‘మరీ చోద్యం కాకపోతే!’ అని నవ్వేసేవాళ్లే ఎక్కువ.

చోద్యమేం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, వెయ్యికి పైగా అధ్యయనాలను వడపోసి 2016లో ఒక మాట తేల్చి చెప్పింది. ఒంట్లో అదనపు కొవ్వు చేరకుండా చూసుకుంటే 13 రకాల క్యాన్సర్ల ముప్పు తగ్గుతుందని. గర్భాశయం, అండాశయం, నెలసరి ఆగిపోయాక వచ్చే రొమ్ము క్యాన్సర్, పెద్దపేగు, పిత్తాశయం, కాలేయం... ఇలా సాగే ఆ జాబితాలో జీర్ణాశయం పైభాగంలో వచ్చే క్యాన్సర్ కూడా ఉంది. మామూలు బరువున్నవాళ్లతో పోలిస్తే బాగా లావుగా ఉన్నవాళ్లలో దీని ముప్పు దాదాపు 1.8 రెట్లు. అలాగని లావుగా ఉన్నవాళ్లందరికీ వచ్చేస్తుందని కాదు సుమా! ఇది అసలే అరుదైన జబ్బు. అరుదైనదానికి రెట్టింపైనా అది అరుదే. ఆ మాటకొస్తే లావువల్ల ఆడవాళ్లకు అన్నిటికన్నా ఎక్కువగా పెరిగేది గర్భాశయం లోపలి పొరలో వచ్చే క్యాన్సర్ ముప్పు. అది 7 రెట్ల దాకా ఉంటుంది.

పైభాగం వేరు, కిందిభాగం వేరు

జీర్ణాశయం ఒకటే సంచీ అయినా అన్నవాహిక వచ్చి కలిసే పైభాగానిది ఒక తీరు, మిగతా భాగానిది ఇంకో తీరు. పైభాగాన్ని డాక్టర్లు ‘కార్డియా’ అంటారు. పేరు విని గుండె అనుకోకండి, ఇది పొట్టలోదే. లావుతో స్పష్టమైన సంబంధం కనిపించేది ఇక్కడొచ్చే క్యాన్సర్‌కే. కిందిభాగంలో వచ్చేదానికి ప్రధాన కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి. దాన్ని కనిపెట్టిన ఆస్ట్రేలియా డాక్టర్లు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఉప్పులో ఊరేసిన పదార్థాలు, పొగాకు దానికి తోడవుతాయి. మన దేశంలో జీర్ణాశయ క్యాన్సర్ బాగా ఎక్కువగా కనిపించేది మిజోరంలో. పొగబెట్టిన మాంసం, పొగాకు అలవాట్లను అక్కడ కారణాలుగా చెబుతారు తప్ప లావును కాదు. కాబట్టి ‘నేను సన్నగా ఉన్నాను, నాకేం భయం?’ అనుకోవడానికీ లేదు.

మంటకు మూలం

నడుం చుట్టూ చేరిన కొవ్వు ఊరికే కూర్చోదు. పొట్టను లోపల్నుంచి అదుముతుంది. అన్నవాహిక, జీర్ణాశయం కలిసేచోట ద్వారంలాంటి కండరం ఒకటి ఉంటుంది. ఈ ఒత్తిడికి అది వదులై, కింద ఉండాల్సిన ఆమ్లం పైకి తన్నుకొస్తుంది. ఛాతీలో మంట, పులితేన్పులు, గొంతులోకి పుల్లటి నీళ్లు రావడం ఇందువల్లే. ఏళ్ల తరబడి అలా కాలుతూ ఉంటే అక్కడి పొర తీరే మారిపోతుంది. ఆ మార్పుల్లో ఎప్పుడో ఒకటి కట్టుతప్పి క్యాన్సర్‌గా మారవచ్చు.

ఇంకో సంగతి. కొవ్వు అంటే కదలకుండా పడి ఉన్న మూట కాదు, అదీ ఒక గ్రంథిలాగే హార్మోన్లు వదులుతుంది. ఒంట్లో ఇన్సులిన్ మోతాదు పెరుగుతుంది. ఇన్సులిన్ పని చక్కెరతోనే అయిపోదు, కణాలను ‘పెరగండి, పెరగండి’ అని తొందరపెడుతుంది కూడా. దీనికి తోడు లోలోపల సన్నటి వాపు ఎప్పుడూ రగులుతూనే ఉంటుంది.

ఈ కార్డియా క్యాన్సర్ ఆడవాళ్లకన్నా మగవాళ్లలోనే ఎక్కువ. మీ నడుం కొలుచుకున్న టేపుతోనే శ్రీవారి బొజ్జ కూడా ఓసారి కొలిచేయండి!

టేపు తెచ్చుకోండి

చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి బిగబట్టకుండా కొలవాలి. చీర కుచ్చిళ్ల మీద నుంచి కాదు. మన దేశంలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, అంటే దాదాపు 31న్నర అంగుళాలు దాటకూడదు. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు. బరువు విషయంలోనూ విదేశీ లెక్కలు మనకు పనికిరావు. కిలోల్లోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. అది 23 దాటితే మనకు అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. 5 అడుగుల 1 అంగుళం ఎత్తున్నావిడ 55 కిలోల దగ్గరే జాగ్రత్తపడాలి. 60 దాటితే స్థూలకాయం లెక్క. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మంది మహిళలు ఈ 25 గీత దాటేసినవాళ్లే.

‘భలే సన్నబడ్డావే!’

అసలు చిక్కు ఇక్కడుంది. లావుగా ఉన్నావిడ చిక్కితే ఎవరూ కంగారుపడరు. పెళ్లిలో కనబడ్డ బంధువులంతా ‘భలే సన్నబడ్డావే, ఏం చేస్తున్నావొదినా?’ అని చిట్కా అడుగుతారు. ఆవిడా మురిసిపోతుంది. నడక లేదు, తిండి మానిందీ లేదు. మరి ఎందుకు తగ్గినట్టు? ఏ ప్రయత్నమూ లేకుండా ఆరు నెలల్లో ఒంటి బరువులో 5 శాతం, అంటే 70 కిలోలున్నావిడ మూడున్నర కిలోలు తగ్గితే డాక్టరును అడగాల్సిందే. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ముద్ద దిగేటప్పుడు పట్టేసినట్టుండటం, తరచూ వాంతులు, విరేచనం తారులా నల్లగా జిగటగా అవడం... ఇవన్నీ చూపించుకోవాల్సిన లక్షణాలే. (ఐరన్ మాత్రలు వాడేటప్పుడు కూడా నల్లగానే అవుతుంది. ఆ సంగతి డాక్టరుతో చెప్పండి.)

నీరసమంటే చాలు, మన ఇళ్లల్లో ‘ఆడవాళ్లకు రక్తం తక్కువే’ అని తేల్చేస్తారు. నెలసరి ఆగిపోయాక కూడా రక్తహీనత ఉంటే రక్తం ఎటు పోతున్నట్టు? పొట్టలోనో పేగుల్లోనో చుక్కచుక్కగా పోతుండొచ్చు. ఐరన్ మాత్రలతో సరిపెట్టకుండా కారణం వెతకాలి. ‘గ్యాస్ ట్రబులే’ అంటూ నెలల తరబడి సొంతంగా మాత్రలు మింగడమూ ప్రమాదమే. ఆమ్లాన్ని తగ్గించే మందులు క్యాన్సర్ లక్షణాలను కూడా కొన్నాళ్లు కప్పిపెడతాయి.

వంటింట్లో...

అందరికీ వడ్డించి, సీరియల్ అయ్యాక, ‘పారేయడమెందుకు’ అని మిగిలిన కూరలన్నీ ఊడ్చుకుని, పదిన్నరకు తిని పదకొండుకు పడుకోవడం. ఈ ఒక్క అలవాటు మార్చుకున్నా సగం మంట తగ్గుతుందనే నా నమ్మకం. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలైనా ఉండాలి. రాత్రుళ్లు మంట ఉంటే దిండ్లు పేర్చుకునే బదులు మంచం తలవైపు కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టండి. ఎడమవైపు తిరిగి పడుకోండి. లంగా బొందు వాత పడేలా బిగించకండి. నాలుగు కిలోలు తగ్గినా చాలామందిలో ఈ మంట తగ్గుముఖం పడుతుంది. ఆవకాయ మానేయమంటే మన ఇళ్లల్లో ఎవరూ వినరు, నేనూ చెప్పను. అన్నంలో కలుపుకునే పచ్చడిని నంజుడుకు మార్చండి, చాలు. ఉప్పు అన్నిటిలో కలిపి మనిషికి రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు.

దక్షిణ కొరియాలో 40 దాటిన వాళ్లందరికీ రెండేళ్లకోసారి ప్రభుత్వమే జీర్ణాశయ పరీక్ష చేయిస్తుంది. మనకు అలాంటి ఏర్పాటు లేదు. లక్షణాలను బట్టి మనమే వెళ్లాలి. ఎండోస్కోపీ అంటే చాలామంది హడలిపోతారు గానీ, గొంతు మొద్దుబారే మందు కొట్టి సన్నటి గొట్టం పంపి చూస్తారు. పది నిమిషాల పని. అనుమానం ఉంటే చిన్న ముక్క తీస్తారు, అది తీసినట్టే తెలియదు. పరీక్షకు ముందు కనీసం ఆరు గంటలు ఏమీ తినకూడదు. షుగరు మందులు, రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ఆ చీటీలన్నీ ముందురోజే డాక్టరుకు చూపించండి.