కమాండ్ లైన్ విలువలు – కాన్ఫిగరేషన్ ఆబ్జెక్ట్: భాషాపరిశోధన ప్రోగ్రాములలో అన్వయం

1. ఉపోద్ఘాతం

తెలుగు గ్రంథపాఠాలలోని పదాల పౌనఃపున్యాన్ని కంప్యూటరుతో లెక్కించేటప్పుడు ఫలితం పాఠం మీదనే కాక, లెక్కింపు నియమాల మీద కూడా ఆధారపడుతుంది. కనీసం ఎన్నిసార్లు వచ్చిన పదాన్ని స్వీకరించాలి, విరామచిహ్నాలను తొలగించాలా వద్దా అనే నిర్ణయాలు మారితే పట్టిక మారుతుంది. ఈ నిర్ణయాలు ప్రోగ్రాంలో చెల్లాచెదురుగా ఉన్నప్పుడు, కొంతకాలానికి పరిశోధకుడే తన పట్టికను తిరిగి సాధించలేని స్థితి ఏర్పడుతుంది. వాటిని కమాండ్ లైన్ ద్వారా స్వీకరించి, ఒకే ఆబ్జెక్టులో నిక్షిప్తం చేసే పద్ధతిని పైథాన్ భాష ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విలువల స్వీకరణ

ప్రోగ్రాం పేరు పక్కన "--కనిష్ఠం 5" అని టైపు చేస్తే, ఆ పదాలు 'సిస్.ఆర్గ్‌వి' అనే జాబితాలో చేరతాయి. అందులో మొదటిది ప్రోగ్రాం పేరు. జాబితాలోని ప్రతి అంశమూ అక్షరమాలికయే. 5 కూడా అక్కడ సంఖ్య కాదు. 2010లో పైథాన్ 2.7తో ప్రామాణిక లైబ్రరీలో చేరిన 'ఆర్గ్‌పార్స్' ఈ మాలికలను తగిన రకానికి మార్చి, తప్పుడు విలువలను తిరస్కరించి, 'నేమ్‌స్పేస్' అనే ఆబ్జెక్టును అందిస్తుంది.

3. కాన్ఫిగరేషన్ ఆబ్జెక్ట్

నేమ్‌స్పేస్‌ను నేరుగా అన్ని క్లాసులకూ పంపడం సులభమే గాని, దానికి నిర్ణీతమైన అంగాలు లేవు. అక్షరదోషంతో ఒక పేరుకు విలువ ఇస్తే, కొత్త అంగం నిశ్శబ్దంగా పుడుతుంది. 2018లో పైథాన్ 3.7తో వచ్చిన 'డేటాక్లాస్' ఈ లోపాన్ని తీరుస్తుంది. 'వార్స్' ఫంక్షన్‌తో నేమ్‌స్పేస్‌ను డిక్షనరీగా మార్చి, కన్‌స్ట్రక్టరుకు అందిస్తే, ప్రకటించని పేరు అక్కడే దోషంగా బయటపడుతుంది. క్లాసును 'ఫ్రోజెన్'గా ప్రకటిస్తే, మధ్యలో ఏ అంగానికీ కొత్త విలువ కేటాయించడం సాధ్యం కాదు. పదగణన క్లాసు ఈ ఆబ్జెక్టును మాత్రమే స్వీకరిస్తుంది. అందులోని విలువలు కమాండ్ లైన్ నుండి వచ్చాయా, మరొక ప్రోగ్రాం నుండి వచ్చాయా అన్నది దానికి అనవసరం. అందువల్ల ఆ క్లాసును విడిగా పరీక్షించవచ్చు.

4. గమనించవలసిన అంశాలు

అవును–కాదు విలువలకు రకాన్ని 'బూల్' అని పేర్కొనడం పొరపాటు. ఖాళీ కాని ప్రతి మాలికనూ బూల్ సత్యంగానే గ్రహిస్తుంది గనుక, "ఫాల్స్" అని టైపు చేసినా 'ట్రూ' అవుతుంది. అటువంటి చోట 'స్టోర్_ట్రూ' చర్యను వాడాలి. సెట్టింగుల ఫైలు కూడా ఉంటే, సహజ విలువల కంటే ఫైలుకు, ఫైలు కంటే కమాండ్ లైన్‌కు ప్రాధాన్యమివ్వడం వాడుక. అందుకు సహజ విలువలను ఆర్గ్‌పార్స్‌లో గాక డేటాక్లాస్‌లో ఉంచడం మేలు. లేకుంటే, టైపు చేయని విలువ ఫైలులోని విలువను తోసివేస్తుంది.

5. ముగింపు

'యాజ్‌డిక్ట్' ఫంక్షన్‌తో ఈ ఆబ్జెక్టును జేసన్ ఫైలుగా మార్చి, ఫలితపట్టికతో పాటు భద్రపరచవచ్చు. 'ఎన్షూర్_ఆస్కీ'ని 'ఫాల్స్' చేస్తే, అందులోని తెలుగు లిపి యథాతథంగా నిలుస్తుంది. పాఠం, ప్రోగ్రాం, ఈ ఫైలు మూడూ అందుబాటులో ఉన్నప్పుడే ఒకరి గణనను మరొకరు సరిచూడగలరు. పాఠపరిష్కరణలో ప్రతుల వివరాలకున్న ప్రాధాన్యమే గణనాత్మక పరిశోధనలో ఈ ఆబ్జెక్టుకూ ఉంది.