‘అనుమతి లేదు’ అన్న మాటను చదవటం ఎలా?

ప్రోగ్రాం రాయటం ఒక ఎత్తు. రాసిన ప్రోగ్రామును పదిమందికీ అందేలా నిలబెట్టటం మరొక ఎత్తు. ఈ రెండో పనికే డిప్లాయ్‌మెంట్ అని పేరు. పూర్వం ఇది మనిషి చేతి మీదుగా జరిగేది. ఒకరు కూర్చుని ఫైళ్లను ఒక్కొక్కటే సర్వర్‌లోకి ఎక్కించేవారు. 2006లో అమెజాన్ సంస్థ తన కంప్యూటర్లను అద్దెకివ్వటం మొదలుపెట్టాక క్లౌడ్ అన్న మాట ఊరూరా వినపడసాగింది. క్లౌడ్ అంటే ఆకాశంలో మబ్బేమీ కాదు. ఎక్కడో పెద్ద పెద్ద హాళ్లలో వరసగా పేర్చిన కంప్యూటర్లే. వాడుకున్నంతసేపు అద్దె కడతాం, అంతే. ఇప్పుడు డిప్లాయ్‌మెంటు కూడా చాలావరకు మనిషి చెయ్యటం లేదు. మన ప్రోగ్రామును గిట్‌హబ్‌లో పెట్టగానే పైప్‌లైన్ అనే ఆటోమేటిక్ ఏర్పాటు ఒకటి దాన్ని అందుకుని, పరీక్షించి, క్లౌడ్‌కి ఎక్కిస్తుంది.

వినటానికి బాగానే ఉంటుంది. కానీ ఫైనలియర్ ప్రాజెక్టు చేసే బ్యాచీలన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎర్ర అక్షరాల ముందు ఆగిపోతాయి: ‘యాక్సెస్ డినైడ్’, ‘పర్మిషన్ డినైడ్’, ‘403 ఫర్‌బిడెన్’. “నా కంప్యూటర్లో పనిచేసింది కదరా, అక్కడెందుకు చెయ్యదు?” అన్న ప్రశ్న మా ల్యాబులో నేను విన్నన్నిసార్లు మరే ప్రశ్నా వినలేదు. దానికి జవాబు చెప్పాలనే ఈ వ్యాసం. కామర్సు, ఆర్ట్సు మిత్రులు పేజీ తిప్పెయ్యనక్కర్లేదు. ఇందులోని అసలు సంగతి మన వన్ టౌన్ వ్యాపారులకు కంప్యూటర్లు రాకముందు నుంచీ తెలిసిందే.

గుమాస్తా, ఎల్.ఆర్. కాపీ

వస్త్రలతలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు ఉందనుకోండి. షావుకారు గారికి లారీలో బేళ్లు వచ్చాయి. ఆయన స్వయంగా వెళ్లరు, గుమాస్తాని పంపుతారు. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో క్లర్కు రెండు సంగతులు చూస్తాడు. మొదటిది: “నువ్వెవరి తాలూకయ్యా?” రెండోది: “ఈ సరుకు తీసుకెళ్లే కాగితం ఉందా?” గుమాస్తా ఫలానా కొట్టు మనిషేనని తెలిసినా, చేతిలో ఎల్.ఆర్. కాపీ లేకపోతే బేలు కదలదు.

క్లౌడులోనూ సరిగ్గా ఈ రెండు ప్రశ్నలే. వెబ్ నియమాల ప్రకారం మొదటి ప్రశ్న దగ్గర తప్పితే 401, రెండో ప్రశ్న దగ్గర తప్పితే 403 అని జవాబొస్తుంది. కొన్ని సర్వీసులు రెండింటికీ 403 అనే అంటాయి. అంచేత అంకె చూసి ఊరుకోకుండా దాని కింద రాసిన వాక్యం చదవాలి.

ఇప్పుడు మనవాడి ప్రశ్నకు జవాబు దొరికినట్టే. సొంత కంప్యూటర్లో ఆ పని చేసింది షావుకారు. పైప్‌లైన్లో చేస్తున్నది గుమాస్తా. ప్రోగ్రాం అదే గానీ మనిషి వేరు, అతని చేతిలోని కాగితం వేరు.

ఎర్ర అక్షరాల్లో ఏముంటుంది?

మనలో చాలామంది ‘డినైడ్’ అన్న ఒక్క ముక్క చూసి కిటికీ మూసేస్తారు. జవాబంతా ఆ వాక్యంలోనే ఉంటుంది. అమెజాన్ వారి సందేశాన్ని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘ఫలానా రోల్‌లో ఉన్నవారికి, ఫలానా బకెట్ మీద, పుట్‌ఆబ్జెక్ట్ అనే పని చేసే అధికారం లేదు; ఏ పాలసీ కూడా దాన్ని అనుమతించలేదు కనుక.’ ఎవరు, ఏ పని, దేని మీద, ఎందువల్ల అనే నాలుగూ అందులోనే ఉన్నాయి.

ముందు ‘ఎవరు’ అన్నది తేల్చుకోవాలి. అమెజాన్‌లో గెట్ కాలర్ ఐడెంటిటీ అనే ఆజ్ఞ ఒకటుంది. ‘ఇప్పుడు నేనెవరి పేరు మీద నడుస్తున్నాను?’ అని అడగటం అన్నమాట. దీనికి విడిగా ఏ అనుమతీ అక్కర్లేదు. కిందటేడు జూనియర్ల బ్యాచి ఒకటి రెండు రాత్రులు పాలసీలు మార్చి మార్చి అలిసిపోయింది. పైప్‌లైన్లో ఈ ఆజ్ఞ ఒక్కటి పెట్టి చూస్తే, వాళ్లు అధికారాలిస్తున్నది ఒక రోల్‌కి, పని చేస్తున్నది మరొక పాత యూజరు! గుమాస్తాని మార్చిన సంగతి మరిచి కొత్తవాడి పేరున కాగితాలు రాస్తూ కూర్చున్నట్టయింది.

తర్వాత ‘ఎందువల్ల’. కాగితం ఇవ్వకపోవటం వేరు, ‘వీడికి సరుకు ఇవ్వొద్దు’ అని చెప్పిపెట్టటం వేరు. సందేశంలో ‘ఎక్స్‌ప్లిసిట్ డినై’ అన్న మాట కనిపిస్తే అది రెండో రకం. అప్పుడు మీరు ఎన్ని అనుమతులు చేర్చినా ఆ ఒక్క నిషేధమే గెలుస్తుంది. దాన్ని పెట్టినవారెవరో కనుక్కుని మాట్లాడుకోవలసిందే.

మామూలుగా తగిలే చిక్కులు

ఒకటి: క్లౌడుకి సంబంధమే లేనిది. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టుకు లైనక్సులో నడిచే అనుమతి ఉండదు. ‘పర్మిషన్ డినైడ్’ అని, 126 అంకెతో ఆగిపోతుంది. ఆ ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి పెట్టి మళ్లీ గిట్‌లో చేరిస్తే సరి.

రెండు: గుమాస్తా గోడౌనుకు కొత్తగా వాచ్‌మన్ని పెట్టాడు. వాచ్‌మన్ని పెట్టే అధికారం వేరు, అతని చేతికి గోడౌను తాళం ఇచ్చే అధికారం వేరు. పైప్‌లైన్ కొత్త సర్వీసును సృష్టించి దానికొక రోల్ తగిలించేటప్పుడు ఇదే జరుగుతుంది. ఈ రెండో అధికారాన్ని అమెజాన్‌లో పాస్‌రోల్ అంటారు, గూగుల్ క్లౌడులో యాక్ట్‌యాజ్ అంటారు. చాలామంది మరిచిపోయేది ఇదే.

మూడు: అమెజాన్ బకెట్లో లేని ఫైలును అడిగినప్పుడు, ఆ బకెట్ జాబితా చూసే అనుమతి మనకు లేకపోతే ‘లేదు’ అనదు, ‘అనుమతి లేదు’ అంటుంది. గోడౌనులో ఏముందో బయటివాడికి చెప్పకూడదు కదా! కాబట్టి ఫైలు పేరు కూడా ఒకసారి సరిచూసుకోవాలి.

నాలుగు: ఇచ్చిన అనుమతి అన్ని కంప్యూటర్లకూ చేరటానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అది చేరేలోపు కంగారుపడి ఇంకో నాలుగు మార్పులు చేస్తే, ఏ మందుకు జ్వరం తగ్గిందో తెలియదు.

ముంబయిలో చెల్లింది హైదరాబాదులో చెల్లదా?

మన దగ్గర ఎదురయ్యే చిక్కు ఇంకొకటుంది. అమెజాన్ 2016లో ముంబయిలోనూ, 2022 నవంబరులో హైదరాబాదులోనూ తన రీజియన్లు తెరిచింది. దగ్గర్లో ఉందని ముంబయిలో నడుస్తున్న ప్రోగ్రామును హైదరాబాదుకు మారిస్తే, ఒక్కొక్కసారి ‘మీ టోకెన్ చెల్లదు’ అని వస్తుంది. పాలసీలో అక్షరం కూడా మారలేదు. మరి ఇదేవిటి?

2019 మార్చి 20 తర్వాత వచ్చిన రీజియన్లు మొదట మూసి ఉంటాయి. అకౌంటు యజమాని వాటిని విడిగా తెరుచుకోవాలి. పైగా, అన్ని రీజియన్లకూ ఉమ్మడిగా ఉన్న చిరునామా నుంచి తీసుకున్న తాత్కాలిక టోకెన్ ఈ కొత్త రీజియన్లలో మామూలుగా చెల్లదు. హైదరాబాదు చిరునామా నుంచే టోకెన్ తీసుకోవాలి, లేదా అన్ని రీజియన్లలోనూ చెల్లేలా అకౌంటు సెట్టింగు మార్చుకోవాలి. ఈ సంగతి తెలియనివాళ్లు పాలసీలన్నీ తిరగరాసి అసలుకే మోసం తెచ్చుకుంటారు.

ఇనప్పెట్టె తాళం

విసుగెత్తిన ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అంటారు: “ఈ గోలంతా ఎందుకురా, అడ్మిన్ ఇచ్చెయ్. స్టార్ గుర్తు పెట్టెయ్.” స్టార్ గుర్తంటే అన్ని పనులకూ, అన్నిటి మీదా అనుమతి. ఎర్ర అక్షరాలు అప్పటికి పోతాయి, నిజమే. కానీ ఒక్క ఎల్.ఆర్. కాపీ సరిపోయే చోట షావుకారు తన ఇనప్పెట్టె తాళం ఇస్తాడా?

2019లో అమెరికాలో క్యాపిటల్ వన్ అనే బ్యాంకు విషయంలో ఏమైందో చూడండి. కాపలాకి పెట్టిన ఫైర్‌వాల్‌ను సరిగ్గా అమర్చలేదు. బయటి మనిషి దాని ద్వారా లోపలికి వచ్చి ఆ ఫైర్‌వాల్ రోల్‌నే చేజిక్కించుకుంది. ఆ రోల్‌కి బకెట్ల జాబితా చూసే అధికారం, వాటిని చదివే అధికారం ఉన్నాయి. అమెరికాలో సుమారు 10 కోట్లమంది, కెనడాలో 60 లక్షలమంది వివరాలు బయటికి పోయాయి. 2020లో బ్యాంకు 8 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కాపలావాడికి బీరువాలు తెరిచే పనేమిటి అని ముందే అడిగి ఉంటే నష్టం అంత దూరం పోయేది కాదు.

మనది బ్యాంకు కాదు కదా అనవచ్చు. కానీ మన క్లౌడ్ అకౌంటుకు తగిలించింది చాలామందికి నాన్నగారి కార్డే. స్టార్ గుర్తున్న తాళాన్ని గిట్‌హబ్‌లో అందరికీ కనపడేలా వదిలేస్తే, అలాంటివి వెతకటానికే నడిచే ప్రోగ్రాములున్నాయి. అవి పెద్ద పెద్ద యంత్రాలు తెరిచి క్రిప్టో నాణేలు తవ్వుకుంటాయి. బిల్లు మాత్రం మన ఇంటికొస్తుంది.

అసలు తాళం దాచుకునే అవసరం లేని మార్గం కూడా ఉంది. 2021 నుంచి గిట్‌హబ్ పైప్‌లైన్లు ఓఐడీసీ పద్ధతిలో, తమ గుర్తింపు చూపించి క్లౌడు నుంచి తాత్కాలిక టోకెన్ తీసుకోగలుగుతున్నాయి. అమెజాన్‌లో దాని ఆయుష్షు మామూలుగా ఒక గంట. ఏ రిపాజిటరీకి, ఏ బ్రాంచికి ఇవ్వాలో కూడా షరతు పెట్టవచ్చు. బ్రాంచి పేరు మార్చి షరతు మార్చకపోతే మళ్లీ ‘అనుమతి లేదు’ అంటుంది. అప్పుడు చూడవలసింది ఆ షరతునే.

చివరిగా చెప్పొచ్చేదేమంటే, ఎర్ర అక్షరాలు మన శత్రువులు కావు. పద్దు సరిగా రాసే క్లర్కు అడిగే ప్రశ్నలవి. వాక్యం పూర్తిగా చదవండి. ఎవరో తేల్చుకోండి. అడిగిన ఒక్క అనుమతి, అడిగిన ఒక్క వస్తువు మీద ఇవ్వండి. కాసేపు ఆగి మళ్లీ నడపండి. ఇంకా చిక్కు వీడకపోతే క్లౌడ్‌ట్రెయిల్ పద్దు తెరవండి. గత 90 రోజుల్లో ఎవరు ఏ పని చెయ్యబోయారో అందులో చాలావరకు రాసి ఉంటుంది. ఇలా చేస్తే మహా అయితే ఒక సాయంత్రం ఎక్కువ పడుతుంది. నాన్నగారి కార్డు మీద రాబోయే బిల్లుతో పోలిస్తే ఒక సాయంత్రం ఏపాటి?